నాలుగో తరగతి నదుల పాఠం

దీవెనమ్మ గారు పోయిన రెండు వారాలకు నాచారంలో వాళ్ల చర్చిలోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను బోడుప్పల్ నుంచి ఆటోలో బయలుదేరాను. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కుపోయి, చేరేసరికి పాటలు అయిపోయి వాక్యం చదువుతున్నారు. వెనక బెంచీలో కూర్చుందామనుకున్నాను గానీ అయ్యగారు నన్ను గుర్తుపట్టారు. చర్చి పాస్టరుని మేమంతా అయ్యగారనే అనేవాళ్లం. ఇప్పటి ఆయన నా కొడుకు వయసువాడు. "మన బడి మొదటి రోజుల్లో పనిచేసిన ఉష టీచర్ గారు రెండు మాటలు చెబుతారు" అన్నారు మైకులో. వెళ్లి నిలబడ్డాను. దీవెనమ్మ గారి క్రమశిక్షణ గురించి, పిల్లల మీద ఆమె ప్రేమ గురించి చెప్పాను. ఏ హెడ్మిస్ట్రెస్ గురించైనా, ఏ సంస్మరణ సభలోనైనా చెప్పే మాటలే. అందరూ తలలూపారు. చెప్పవలసింది ఇంకొకటి ఉంది. అది నా తప్పుతో మొదలవుతుంది కాబట్టి అక్కడ నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పెళ్లయి నాచారం వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. మాది రేపల్లె దగ్గర పల్లె. మావారు ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా. పారిశ్రామికవాడ వెనక వీధిలో రెండు గదుల పోర్షన్ మాది. మా అత్తగారు మాతోనే ఉండేవారు. ఆవిడ గడియారం చూసేవారు కాదు, గాలి వాసన పట్టి వేళ చెప్పేవారు. తెల్లవారుజామున కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే, ఏదో ఫ్యాక్టరీ వాళ్లు మురుగునీళ్లు నాలాలోకి, అంటే వీధి వెనక పెద్ద కాలువలోకి, వదిలారని లేచి కిటికీలు మూసేవారు. పదకొండింటికి మసాలా మిల్లు నుంచి ధనియాల ఘాటు రాగానే ఎసరు పెట్టేవారు. నాలుగింటికి బిస్కెట్లు కాలే కమ్మటి వాసన వస్తే "అబ్బాయి వచ్చే వేళయింది" అని కాఫీకి డికాక్షన్ వేసేవారు. ఆదివారం ఫ్యాక్టరీలకు సెలవు కాబట్టి మా ఇంట్లో భోజనం ఎప్పుడూ ఆలస్యమే. డిగ్రీలో నేను చదివిన మూడు సబ్జెక్టుల్లో భూగోళం ఒకటి. ఆ ఒక్క అర్హతతో, వీధి చివర చర్చి ఆవరణలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం అడిగాను. మా అత్తగారు ఒక పూట ఆలోచించారు. "వాళ్ల బళ్లో పొద్దున్నే ప్రార్థన ఉంటుందిటగా, నువ్వూ కళ్లు మూసుకోవాలా?" అన్నారు. మూసుకోవాలండీ అన్నాను. "మూసుకుని మన వెంకన్నని తలుచుకో, ఎవరొద్దన్నారు" అన్నారు. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

బడి అంటే రేకుల కప్పు వేసిన నాలుగు గదులు, ఒక వరండా. వేసవి దగ్గరపడితే పాఠం సగంలో ఆపి పిల్లల్ని చర్చి గోడ నీడలోకి తీసుకుపోయేవాళ్లం. పిల్లల్లో సగం మంది క్రైస్తవులు. తక్కిన సగంలో హిందువులూ ముస్లింలూ, ఎక్కువగా నల్లగొండ, మెదక్, పాలమూరు పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ల పిల్లలు. దీవెనమ్మ గారిది మెదక్ వైపు. అప్పటికి యాభై దాటి ఉంటారు. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక ఒక గదిలో ఉండేవారు. గంజి పెట్టిన తెల్ల చీర, చేతిలో మగవాళ్ల నల్ల గొడుగు, బుగ్గన లవంగం. పాఠం చెబుతుండగా లవంగం వాసన తగిలితే ఆమె వెనక నిలబడి వింటున్నట్టు లెక్క. సాయంత్రం బడి వదిలాక ఆ రోజు రాని పిల్లల పేర్లు అరచేతి మీద ఇంకుతో రాసుకుని, గొడుగు తీసుకుని వాళ్ల ఇళ్లకు బయలుదేరేవారు. తల్లిదండ్రులను తిట్టేవారు కాదు. గడపలో కూర్చుని "పిల్లగాడేడి?" అని అడిగి, వాడు కనిపించేదాకా కదిలేవారు కాదు.

నాకు మూడు, నాలుగు తరగతుల సాంఘిక పాఠాలు ఇచ్చారు. నా భాష పిల్లలకు తమాషాగా ఉండేది. నేను "ఏమిటి" అంటే వెనక బెంచీలో "ఏమిటి, ఏమిటి" అని నాలుగైదు గొంతులు పలికేవి. బళ్లో గోడ పటం ఒకటే ఉండేది. ఎప్పుడో మిషన్ తెల్లదొరలు ఇచ్చిపోయిన బైబిలు దేశాల పటం, గుడ్డ మీద అంటించినది. గలిలయ సముద్రం, యొర్దాను నది, యెరికో, బేత్లెహేము. రాష్ట్ర పటం కొనడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. నేను ఆ పటంతోనే మొదలుపెట్టాను. ఉత్తరం ఎటు, నది ఎక్కడ పుట్టింది, ఎటు పారింది, నీలం రంగు అంటే ఏమిటి, గోధుమ రంగు అంటే ఏమిటి, అన్నీ దాని మీదే. రెండు వారాల్లో పిల్లలందరికీ యొర్దాను నోటికి వచ్చేసింది. ఇంట్లో చెబితే మా అత్తగారు చేట పక్కన పెట్టారు. "గంగా గోదావరీ చెప్పకుండా యొర్దాను చెబుతున్నావా? రేపు ఎవరి తండ్రో వచ్చి నిలదీస్తే ఏం చెబుతావు?" అన్నారు. అప్పటినుంచి నాకు లోపల ఒక బెరుకు పట్టుకుంది. నిలదీస్తే ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా సిద్ధం చేసుకుని పెట్టుకున్నాను.

నాలుగో తరగతిలో స్వరూప అని ఒక పిల్ల ఉండేది. బక్కగా, తలకు నూనె దండిగా పెట్టుకుని, మడిచి కట్టిన రెండు జడలతో మూడో బెంచీ చివర కూర్చునేది. తండ్రి సైదులు ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేసేవాడు. పిల్ల సెలవుల్లో నాయనమ్మ దగ్గరికి, వలిగొండ దాటాక ఉన్న ఊరికి పోయివచ్చేది. ఒకరోజు పటం దగ్గరికి వచ్చి, "గీ యొర్దాను నీళ్లు యాడికి పోతయి టీచర్?" అని అడిగింది.

"మృత సముద్రంలోకి. అక్కడితో ఆగిపోతాయి. ఆ సముద్రంలో చేపలు బతకవు."

"మూసీల గూడ బతకయి టీచర్" అంది.

చిన్నపిల్లల మాట అనుకుని, కూర్చోమన్నాను.

అర్ధసంవత్సర పరీక్షకు ప్రశ్నపత్రం నేనే తయారుచేశాను. నదుల పాఠంలో "పారే నీరు శుభ్రంగా ఉంటుంది, నిలవ నీరు పాచి పడుతుంది" అని ఒక వాక్యం ఉండేది. దాన్ని ఖాళీ పూరించండి కింద ఇచ్చాను: పారే నీరు డాష్ ఉంటుంది. తరగతిలో తక్కిన అందరూ శుభ్రంగా అని రాశారు. స్వరూప నల్లగా అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. చెయ్యి దానంతట అదే పోయింది. అంతవరకు అయితే ఎవరైనా చేసే పనే. పేపర్లు పంచేటప్పుడు నేను ఇంకో పని చేశాను. నవ్వుతూ పైకి చదివాను. "మన స్వరూపకి పారే నీరు నల్లగా ఉంటుందట." తరగతి గొల్లుమంది. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. స్వరూప ఏడవలేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకుంది. మర్నాడు బడికి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. సాయంత్రం దీవెనమ్మ గారి అరచేతి మీద స్వరూప పేరు చూశాను గానీ ఎందుకు రాలేదో నేనేమీ చెప్పలేదు.

మూడో రోజు ఇంటర్వెల్లు అవుతుండగా సైదులు వచ్చాడు. ఫ్యాక్టరీ ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. వెనకే దీవెనమ్మ గారు, ఆమె వెనక స్వరూప. నా చూపు ముందు గోడ మీది పటం వైపు పోయింది. సిద్ధం చేసుకున్న జవాబులన్నీ గబగబా గుర్తు చేసుకున్నాను. అతను పటాన్ని చూడనైనా చూడలేదు. జేబులోంచి నాలుగు మడతల పేపరు తీసి బల్ల మీద పరిచాడు.

"నమస్తే టీచరమ్మా. నాకు సదువు రాదు. మా బిడ్డ గిది సదివి జెప్పింది. పారే నీళ్లు నల్లగుంటయని రాస్తె తప్పు గొట్టిన్రట, అందరు నవ్విన్రట. మా బిడ్డ అబద్ధం రాసిందా?"

"అబద్ధమని కాదండీ. శుభ్రంగా ఉంటుందని పుస్తకంలో ఉంది."

"ఏ నీళ్లు?"

"పారే నీళ్లండీ. నది నీళ్లు."

"ఏ నది టీచరమ్మా?"

పుస్తకంలో నది పేరు లేదు. ఆ వాక్యం నేను చిన్నప్పుడు చదువుకున్నదే. మా ఊళ్లో కృష్ణ కాలువ నీళ్లు నిజంగానే అట్లా ఉండేవి. నేనెప్పుడూ దాన్ని ఆపి చూసుకోలేదు.

"మా ఊరి పక్కపొంటి మూసీ పారుతది" అన్నాడు సైదులు. గొంతు పెంచలేదు. "మా అమ్మ గా నీళ్లల్లనే నాటేస్తది. జర ఒక్కసారి వచ్చి సూడుండ్రి. సూసినంక గూడ తప్పే అంటె, తప్పే. నేనే మా బిడ్డకు జెప్పుకుంట."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. దీవెనమ్మ గారు చెయ్యెత్తి ఆపారు.

"సైదులూ, శనివారం మీ ఊరికి బస్సు ఎన్ని గంటలకున్నది?"

శనివారం ఒంటిపూట బడికి ఇద్దరమూ సెలవు పెట్టాం. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర తెల్లవారకముందే నిలబడ్డాం: దీవెనమ్మ గారు, నేను, సైదులు, స్వరూప. భువనగిరిలో బస్సు మారాం. వలిగొండ దాటాక దిగి, చేల గట్ల మీద రెండు మైళ్లు నడిచాం. పొలాలు చూసి నేను లోపల కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. వరి నిగనిగలాడుతూ ఉంది. ఇంత పచ్చగా ఉన్నచోట నీళ్లు చెడ్డవి ఎట్లా అవుతాయి అనుకున్నాను. నది ఇంకా కనబడకముందే వాసన వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు. తెల్లవారుజామున మా అత్తగారు కిటికీలు మూసే వాసన. నాచారంలో, మా వీధిలో పుట్టిన వాసన, నలభై మైళ్ల అవతల ఇక్కడ నాకు ఎదురొచ్చింది. మేం బస్సులో వచ్చాం, అది నాలా కాలువ పట్టుకుని, చెరువులు దాటి, మూసీలో కలిసి వచ్చింది. అంతే తేడా.

కత్వ మీద నుంచి, అంటే నదికి అడ్డంగా కట్టిన రాతికట్ట మీద నుంచి, నీళ్లు కిందికి దూకుతున్నాయి. దూకినచోట తెల్లటి నురగ మనిషి ఎత్తున లేచి, గాలికి ముక్కలు ముక్కలుగా ఎగిరి వరి మీద పడుతోంది. నురగ కింద నీరు నల్లగా ఉంది. స్వరూప రాసిన మాట తప్ప దానికి ఇంకో మాట లేదు. సైదులు తల్లి లింగమ్మ మడిలోంచి గట్టు ఎక్కి వచ్చింది. మోకాళ్ల కింద రెండు కాళ్ల మీదా పుండ్లు, మానిన మచ్చలు, మళ్లీ పుండ్లు. నన్ను చూసి నవ్వింది. నేను ఎందుకొచ్చానో ఆమెకు చెప్పినట్టు లేరు.

"పట్నం టీచరమ్మలా? కూసోండ్రి బిడ్డా. నా సిన్నప్పుడు గీడ అంతా ఇసుకనే. చేతులతోని చెలిమె దీసి తాగేది. ఇప్పుడు నీళ్లకేం కొదువ లేదు, ఎండకాలం గూడ పారుతయి. పట్నపోళ్లు ఇడిశిన నీళ్లు. రెండు పంటలు పండుతున్నయి. కాళ్లే గిట్లయినయి."

"దవాఖానాకు పోయినవా?" అన్నారు దీవెనమ్మ గారు.

"పోయిన. నీళ్లల్ల దిగకు అన్నడు డాక్టరు. దిగకుంటె ఎట్ల?"

దీవెనమ్మ గారు చెప్పులు విడిచి గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నారు. లింగమ్మ కాలు తన ఒళ్లోకి తీసుకుని, సంచిలోంచి మందు డబ్బా తీసి రాశారు. ఆ డబ్బా ఆమె పొద్దున్నే పెట్టుకుని వచ్చారంటే, స్వరూప వాళ్ల ఇంటి గడపలో కూర్చున్న సాయంత్రమే అంతా విన్నారన్నమాట. నాతో ఒక్క మాటా అనలేదు. ఆమె చెప్పి ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో గానీ నమ్మేదాన్ని కాదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దీవెనమ్మ గారు నిద్రపోయారు. నేను నిద్రపోలేదు.

సోమవారం నాలుగో తరగతిలో హాజరు పిలిచాక, స్వరూపను పేపరు తెమ్మన్నాను. నా ఎర్ర గీత కొట్టేసి, పక్కన ఒప్పు అని పెట్టి, మార్కు వేసి, కింద సంతకం పెట్టాను. "శనివారం నేను వెళ్లి చూసి వచ్చాను. స్వరూప రాసింది నిజం. నాది తప్పు. నవ్వడం ఇంకా పెద్ద తప్పు" అన్నాను. పిల్లలకు టీచరు ఇలా మాట్లాడడం అలవాటు లేదు. ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మరి పెద్ద పరీక్షల ఏం రాయాలె టీచర్? శుభ్రంగనా, నల్లగనా?" అని అడిగింది. పెద్ద పరీక్ష అంటే సంవత్సరాంత పరీక్ష. పేపరు బయటి నుంచి అచ్చయి వచ్చేది, దిద్దేవాళ్లు కూడా బయటివాళ్లే. "పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయండి. కానీ నిజం ఏమిటో గుర్తుపెట్టుకోండి" అన్నాను. అప్పుడు లవంగం వాసన తగిలింది. వెనక్కి తిరిగాను. దీవెనమ్మ గారు తలుపు దగ్గర ఉన్నారు. "సగం దిద్దుకున్నవ్ ఉషా" అని వెళ్లిపోయారు. ఆ సగం మాట చాలా ఏళ్లు నా వెంట వచ్చింది. చివరికి ఆ ప్రశ్న పెద్ద పరీక్షలో రానేలేదు. గోదావరి ఎక్కడ పుట్టింది అని అడిగారు.

నేను ఆ బళ్లో తొమ్మిదేళ్లు పనిచేశాను. తరవాత ఇంకో రెండు పెద్ద బడులు, ఇంగ్లీషు మీడియం, గోడ నిండా పటాలు, గుండ్రంగా తిరిగే గ్లోబులు. ఎక్కడికి పోయినా నదుల పాఠం వచ్చినప్పుడు ముందు "మీ ఊరి పక్కన ఏ వాగు, ఏ నది ఉంది, దాని నీళ్లు ఏ రంగు?" అని అడిగి, పిల్లలు చెప్పింది బోర్డు మీద రాసి, అప్పుడే పుస్తకం తెరిచేదాన్ని. ఇప్పుడు నాచారంలో ఆ వాసనలు లేవు. ఫ్యాక్టరీలు చాలావరకు ఊరవతలికి పోయాయి, వాటి చోట్లలో అపార్టుమెంట్లు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. మా అత్తగారు ఉంటే వేళ తెలియక తికమకపడేవారు. రేకుల గదులు తీసేసి చర్చి వాళ్లు మూడంతస్తులు కట్టారు. బడి మాత్రం లేదు, పిల్లలు రాక ఎప్పుడో మూసేశారు. ఇప్పటి పిల్లలకు ఫోనులో పటం ఉంది. నారపల్లి ఎటు, కాప్రా ఎటు అని అడిగితే వేలితో చూపించరు, ఫోను తీస్తారు. అది తప్పని అనను. నేను వాళ్ల వయసులో ఏ దిక్కూ చూడకుండా పుస్తకంలో ఉన్నది అప్పజెప్పినదాన్నే.

కూడికలో ఎవరో చెప్పారు, స్వరూపకి చెంగిచెర్లలో టైలరింగ్ షాపు ఉందని. ఆ రోజు పెద్ద గిరాకీ బట్టలు ఇవ్వాల్సి ఉండి రాలేకపోయిందట. నాలుగు రోజుల తరవాత రెండు జాకెట్టు ముక్కలు పట్టుకుని వెళ్లాను. చిన్న షాపు, రెండు మిషన్లు. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడింది. తల అక్కడక్కడా నెరిసింది. సైదులు పోయి ఆరేళ్లయిందట. లోపల స్టూలు మీద కూర్చుని వాళ్ల అమ్మాయి నీటి కాలుష్యానికి కారణాలు ఇంగ్లీషులో బట్టీ పడుతోంది. ఒకటి, రెండు, మూడు, అన్నీ వరసగా. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. "నువ్వు రాసిన జవాబే స్వరూపా, ఇప్పుడు పుస్తకంలో పెట్టారు. అప్పుడు నేను నీకు మార్కు కొట్టేశాను" అన్నాను.

"మార్కా? ఏ మార్కు టీచర్?"

మొత్తం చెప్పాను. పేపరు, నవ్వు, సోమవారం నేను తరగతి ముందు నిలబడడం. ఆమె టేపు మెడలో వేసుకుని శ్రద్ధగా విన్నది గానీ ఒక్కటీ గుర్తుకు వచ్చినట్టు లేదు.

"గవన్ని యాదికి లేవు టీచర్. మీరు మా ఊరికి వచ్చింది మాత్రం మంచిగ యాదికుంది. పోయేముందు ఇంటికాడ మా నాయనమ్మ మీ ఇద్దరికి మంచినీళ్లు దెచ్చిచ్చింది. పెద్ద టీచర్ తాగింది. మీరు తాగలె. దాహం లేదని చెంబు అరుగు మీద పెట్టిన్రు. గవి మూసీ నీళ్లు గావు, ఊరవతల బోరింగు కాడికెళ్లి మోసుకొచ్చిన నీళ్లు. మీరు పోయినంక మా నాయనమ్మ బర్రెకు పోసింది."

ఎత్తిపొడుపుగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ చెంబు అప్పుడు నా కళ్ల ముందుకు వచ్చింది. ఇత్తడి చెంబు, తోమి తోమి అంచు పలచబడినది. ఆ ఎండలో రెండు మైళ్లు నడిచి వెళ్లి దాహం లేదన్నాను. ఇన్నేళ్లలో ఈ కథ నేను నలుగురైదుగురికి చెప్పి ఉంటాను, నా తప్పు ఒప్పుకున్న కథగా. ఒక్కసారీ అందులో ఈ చెంబు లేదు.

"నిజమే, తాగలేదు. భయపడ్డాను" అన్నాను.

"అయ్యో, గదేం లేదు టీచర్, యాదికొచ్చి జెప్పిన" అని టేపు తీసి నా చెయ్యి చాపించింది. భుజం దగ్గర పట్టి కిందికి లాగుతూ, "చేతులు మోచేతి దాకా పెట్టాల్నా, జర పైకా?" అంది.

మోచేతి దాకా అన్నాను. రాసుకుంది.